అడకత్తెరలో పేగు: పర్లాకిమిడి తల్లికి జవాబు

ప్రశ్న: డాక్టరమ్మ గారికి నమస్కారం. మాది ఒడిశాలో గజపతి జిల్లా, పర్లాకిమిడి. ఇంట్లో తెలుగే మాట్లాడతాం గానీ నేను చదివింది ఒడియా మీడియం. తెలుగులో తప్పులుంటే క్షమించండి. మా పాపకి 13 ఏళ్లు, ఎనిమిదో తరగతి. పోయిన వర్షాకాలంలో టైఫాయిడ్ వచ్చి చాలా చిక్కిపోయింది. 37 కిలోల పిల్ల 31కి దిగింది. ఎత్తు మాత్రం ఏడాదిలో బాగా సాగింది, ఇప్పుడు 152 సెంటీమీటర్లు. రెండు నెలలుగా నాలుగు ముద్దలు తినగానే కడుపు నిండిపోయిందంటుంది. కాసేపటికి బొడ్డు పైన నొప్పి, తర్వాత వాంతి. కొన్నిసార్లు ఆకుపచ్చగా అవుతోంది. బోర్లా పడుకుని మోకాళ్లు ముడుచుకుంటే తగ్గుతుందంటుంది. ఇక్కడ గ్యాస్ మాత్రలిచ్చారు, స్కానింగ్‌లో ఏమీ లేదన్నారు. మా అత్తగారు దిష్టి అన్నారు. బళ్లో టీచరు సన్నబడాలని తిండి మానేస్తోందేమో అన్నారు. చివరికి విశాఖలో ఒక సర్జన్ బేరియం పరీక్ష, సీటీ తీయించి ఎస్‌ఎంఏ సిండ్రోమ్ అన్నారు. రక్తనాళం పేగుని నొక్కుతోందట. కోణం 14 డిగ్రీలు, సందు 5 మిల్లీమీటర్లు అని రిపోర్టులో ఉంది. ముందు బరువు పెంచమన్నారు, లేకపోతే ఆపరేషన్ అన్నారు. తిన్నది నిలవని పిల్లకి బరువెలా పెంచాలి? ఇది గుండె జబ్బా? జీవితాంతం ఉంటుందా? తొమ్మిదేళ్ల బాబున్నాడు, వాడికీ వస్తుందా? వాళ్ల నాన్న సూరత్‌లో మిల్లులో పని చేస్తారు. నేనొక్కదాన్నే తిరుగుతున్నాను. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

జవాబు: అమ్మా, అన్నిటికంటే ముందు ఒక మాట. మీ పాప నాటకం ఆడటం లేదు, మొండికేయడమూ లేదు. తిన్న ప్రతిసారీ నొప్పి వస్తుంటే పెద్దవాళ్లమైనా కంచం చూసి వెనక్కి జరుగుతాం. "నీ బాధ నిజమేనని నాకు తెలుసమ్మా" అని పాపతో నోరు తెరిచి చెప్పండి. రెండు నెలలుగా ఆ పిల్ల ఈ మాట కోసమే ఎదురుచూస్తూ ఉంటుంది.

మీ తెలుగుకి క్షమాపణ ఎందుకు? జనం మాట్లాడే తెలుగే రాతలోకి రావాలని పోరాడిన గిడుగు రామమూర్తి గారు పంతులుగా పనిచేసిన ఊరు మీది. పిల్ల బాధని మీరు ఎంత స్పష్టంగా రాశారంటే, రిపోర్టు అంకెల దాకా రాకముందే నాకు జబ్బు పేరు తోచింది. బోర్లా పడుకుంటే తగ్గుతుందన్నారు చూడండి, ఆ ఒక్క వాక్యం ఎన్నో పరీక్షల పెట్టు. ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా ముందు అదే చెప్పండి.

ఇది గుండె జబ్బు కాదు. రక్తనాళం చెడిపోలేదు, పూడుకుపోలేదు. అది ఉన్న చోటు ఇరుకైంది, అంతే. వెన్నెముకని ఆనుకుని పైనుంచి కిందికి దిగే పెద్ద రక్తనాళం బృహద్ధమని. దాని ముందు వైపు నుంచి పేగులకి రక్తం తీసుకెళ్లే ఒక కొమ్మ పుట్టి, ఏటవాలుగా కిందికి వాలుతుంది. ఎస్‌ఎంఏ అంటే ఆ కొమ్మే. ఈ రెంటి మధ్య సందులోంచి చిన్నపేగు మొదటి భాగం, అంటే డుయోడినం, అడ్డంగా దాటుతుంది. మీ అత్తగారి వక్కల పెట్టెలో అడకత్తెర ఉంటే తీసి చూడండి. దాని రెండు రెక్కలు ఈ రెండు రక్తనాళాలు అనుకోండి. మధ్యలో పోకచెక్కలా ఉన్నది పేగు. రెక్కలు దగ్గరపడకుండా దేవుడు మధ్యలో మెత్తటి కొవ్వు పొర పెట్టాడు. టైఫాయిడ్‌లో కరిగిపోయింది ఆ కొవ్వే. పైగా అదే ఏడాది పాప పొడుగు సాగింది. ఎత్తు పెరిగి బరువు పెరగని వయసులో ఈ సందు ఇంకా ఇరుకవుతుంది.

మామూలుగా ఆ రెండు రక్తనాళాల మధ్య కోణం 25 నుంచి 60 డిగ్రీల దాకా ఉంటుంది, సందు 10 నుంచి 28 మిల్లీమీటర్ల దాకా. మీ పాపకి 14, 5. అంకెలు జబ్బుకి సరిపోతున్నాయి. కానీ అంకెలొక్కటే చూసి ఈ పేరు పెట్టకూడదు. సన్నగా ఉండే పిల్లలు చాలామందిలో కోణం తక్కువగానే ఉంటుంది, వాళ్లకి ఏ బాధా ఉండదు. అందుకే బేరియం పరీక్ష రిపోర్టు బయటికి తీయండి. రెండు విషయాలు కావాలి. నొక్కుడు పడిన చోటికి పైన పేగు ఉబ్బి, తాగించిన బేరియం మందు అక్కడ గీత గీసినట్టు ఆగిందా? చిన్నపేగు తిరిగే మలుపు కడుపులో ఎడమవైపు, ఉండాల్సిన చోటే ఉందా? ఈ రెండో ప్రశ్న మీ సర్జన్ గారిని తప్పక అడగండి. పుట్టుకతోనే పేగు సరిగా తిరగని పిల్లల్లోనూ ఇలాగే పచ్చటి వాంతులు అవుతాయి. దాని వైద్యం పూర్తిగా వేరు, అందులో ఆలస్యానికి చోటు లేదు. మలుపు సరైన చోట ఉందని తేలితే నిశ్చింతగా ఈ దారిలో ముందుకు వెళ్లొచ్చు. ఇంకో పని కూడా మిగిలే ఉంది. మన ప్రాంతంలో బరువు తగ్గి వాంతులయ్యే పిల్లకి కడుపులో టీబీ లేదని చూసుకోవాలి. ఆ మాట కూడా ఎత్తండి.

స్కానింగ్‌లో ఏమీ లేదన్నందుకు అక్కడి డాక్టర్లని నేను తప్పు పట్టను. పరగడుపున చేసే మామూలు స్కానింగ్‌లో ఇది సులువుగా దొరకదు. 1927లో విల్కీ అనే ఎడింబరో సర్జన్ 75 మంది రోగుల వివరాలు ప్రచురించాకే వైద్యులు దీని మీద గట్టిగా దృష్టి పెట్టారు. ఈ జబ్బుకి ఆయన పేరు కూడా ఉంది. ఇప్పటికీ అరుదే.

నేనూ ఒకసారి దీన్ని పోల్చుకోలేకపోయాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో, జీడిచెట్టు మీంచి పడి వెన్నుపూస విరిగిన పదకొండేళ్ల అబ్బాయి మా వార్డులో ఉండేవాడు. ఛాతీ నుంచి నడుము దాకా కట్టు. మూడో రోజు నుంచి వాంతులు. భయం వల్ల, గ్యాస్ వల్ల అనుకుని నేను సూది మందు రాస్తూ పోయాను. రెండు రోజుల తర్వాత మా పెద్ద నర్సమ్మ వాణ్ణి మెల్లగా బోర్లా తిప్పి పడుకోబెట్టింది. వాంతి ఆగింది. వెల్లకిలా బిగిసి పడుకున్న పిల్లల్లో కూడా ఇదే సందు ఇరుకవుతుందని మా సర్జన్ వచ్చి చెప్పారు. ఆ రెండు రోజులూ వాడు పడిన బాధ నా మనసులో ఇంకా ఉంది. అందుకే మీ ఉత్తరానికి ఇంత పొడుగు జవాబు రాస్తున్నాను.

ఇక మీ అసలు ప్రశ్న: తిన్నది నిలవని పిల్లకి బరువెలా పెంచాలి? ఇంట్లో మొదలుపెట్టకండి. 152 సెంటీమీటర్ల ఎత్తుకి 31 కిలోలంటే చాలా తక్కువ. పచ్చటి వాంతులు కూడా అవుతున్నాయి. మొదటి వారం పది రోజులు ఆస్పత్రిలో ఉంచే చేయాలి. కారణం చెప్తాను. చాలా రోజులు సరిగా తినని ఒంట్లోకి ఒక్కసారిగా బలమైన తిండి పడితే రక్తంలో ఫాస్ఫేటు, పొటాషియం ఉన్నట్టుండి పడిపోతాయి. గుండె లయ తప్పే ప్రమాదం ఉంది. చిక్కిన పిల్లకి ప్రేమగా కొసరి కొసరి పెట్టడం మన అలవాటు, కానీ ఇక్కడ అది కీడు చేస్తుంది. రోజూ రక్తపరీక్ష చేస్తూ, బి1 విటమిన్ ఇస్తూ, తిండిని కొంచెం కొంచెంగా పెంచుకుంటూ పోవాలి.

ఆస్పత్రిలో ముందు ముక్కులోంచి సన్నటి గొట్టం వేసి కడుపులో నిలిచినదంతా తీసేస్తారు. వాంతుల్లో పోయిన ఉప్పు, నీరు సెలైన్‌తో భర్తీ చేస్తారు. తర్వాత నోటితో పడనంటే ఇంకో సన్న గొట్టాన్ని నొక్కుడు చోటు దాటించి, కింది పేగులోకి వదిలి, అందులోంచి పాలలాంటి ఆహారం చుక్కలు చుక్కలుగా ఎక్కిస్తారు. అది చూసి తల్లులు గుండె బాదుకుంటారు, "ఇంత దాకా వచ్చిందా" అని. అమ్మా, ఆ గొట్టం చివరి ఘట్టం కాదు. తిండి పేగుని దాటే దారి మూసుకుంది, గొట్టం పక్కదారి చూపిస్తుంది. ఒంటికి కొవ్వు పట్టాక రెక్కలు మళ్లీ విడతాయి, గొట్టం తీసేస్తారు. గొట్టమూ వీలుకాకపోతే కొన్నాళ్లు రక్తనాళం ద్వారా పోషణ ఇస్తారు, అది పెద్దాస్పత్రిలోనే చేయాలి.

ఇంటికి వచ్చాక పని మీ చేతికి వస్తుంది. మూడు పూటల అన్నం అన్న లెక్క కొన్ని నెలలు మర్చిపోండి. రెండు రెండున్నర గంటలకోసారి, చిన్న గ్లాసుడు లేదా చిన్న గిన్నెడు. జారుడుగా ఉన్నది సులువుగా దాటుతుంది. అందుకని మొదట్లో చిక్కటి పాలు పోసి కాచిన చోడి (రాగి) జావ, అందులో నెయ్యి, బెల్లం. మెత్తగా ఉడికించి చిలికిన పప్పన్నం. మీగడ పెరుగు. వేరుశనగ, నువ్వులు మెత్తగా నూరి పాలలో కలిపినది. మీ వైపు దొరికే తాజా ఛెనాని, అంటే పాలు విరిచి తీసిన ముద్దని, పాలతో మెత్తగా మెదిపి ఇవ్వొచ్చు. గుడ్డు తినేవాళ్లయితే బాగా ఉడికించి జావలో మెదిపేయండి. పరిమాణం పెంచకుండా బలం పెంచాలి. అందుకు నూనె, నెయ్యి మంచి సాయం. పల్చటి గంజి, చారు, కొబ్బరినీళ్లతో కడుపు నింపేస్తే మాత్రం చోటు నిండుతుంది, బరువు పెరగదు. చద్దన్నం నీళ్లు ఎండాకాలంలో దాహానికి మంచివే, కానీ పాపకి ఇప్పుడు అవి తిండి కింద లెక్క కాదు.

తిన్న వెంటనే వెల్లకిలా పడుకోనివ్వకండి. ఎడమవైపు తిరిగి గానీ, బోర్లా గానీ అరగంటైనా పడుకోమనండి. అలా పడుకున్నప్పుడు ఆ కొమ్మ ముందుకి వాలి సందు కాస్త విడుతుంది. పాప మోకాళ్లు ముడుచుకుని తనకు తానుగా కనిపెట్టుకున్న భంగిమే మేం పుస్తకాల్లో చదివేది. దాన్ని చూసి ఇంట్లో ఎవరూ విసుక్కోవద్దు.

వారానికి ఒకసారి, ఒకే తూకం మీద, పొద్దున్నే, తినకముందు బరువు చూసి ఒక నోటుబుక్కులో రాయండి. పక్కన ఆ వారం వాంతులెన్నో రాయండి. వారానికి పావుకిలో పెరిగినా దారి సరైనదే. పోయిన ఆరు కిలోలూ తిరిగి రాకముందే వాంతులు తగ్గిపోయిన పిల్లల్ని నేను చూశాను. ఎక్కువమంది పిల్లలు ఆపరేషన్ లేకుండానే బయటపడతారు. కాబట్టి జీవితాంతం అన్న బెంగ పెట్టుకోకండి. బరువు మళ్లీ బాగా పడిపోకుండా చూసుకోవడం మాత్రం పెద్దయ్యేదాకా గుర్తుండాలి.

కొన్ని వారాలు సరిగ్గా ప్రయత్నించినా బరువు కదలకపోతే, లేదా బరువు పెరిగినా వాంతులు ఆగకపోతే ఆపరేషన్ గురించి ఆలోచించాలి. అందులో రక్తనాళాన్ని ముట్టుకోరు. నొక్కుడుకి పైనున్న పేగుని కిందున్న పేగుతో కలిపి కొత్త దారి వేస్తారు. చాలాచోట్ల చిన్న రంధ్రాల్లోంచి, కెమెరాతో చేస్తున్నారు. ఫలితాలు బాగుంటాయి. మీ సర్జన్ ముందు బరువు పెంచమన్నారంటే సరైన మనిషి చేతిలోనే ఉన్నారు. మొదటి రోజే కోసేస్తామన్నవాళ్లయితే ఇంకొకరి దగ్గరికి వెళ్లమని చెప్పేదాన్ని.

ఎడమవైపు నడుము నొప్పి గానీ, ఒంటికి వెళ్లినప్పుడు మూత్రం ఎర్రగా గానీ ఉంటే చెప్పండి. ఎడమ మూత్రపిండం నుంచి వచ్చే సిర కూడా ఆ ఇరుకు సందులోంచే పోతుంది. కొందరిలో అదీ నలుగుతుంది.

బాబు సంగతి. ఇది అంటుకోదు. ఒకే కుటుంబంలో ఇద్దరికి రావడం చాలా అరుదు. వాడు తిని, ఆడుకుంటూ, బరువు పెరుగుతుంటే వాడికి సీటీ స్కాన్ పేరుతో రేడియేషన్ పెట్టించే అవసరమే లేదు.

టీచరుగారి అనుమానాన్ని కోపంతో కొట్టిపారేయకండి. ఈ వయసు ఆడపిల్లల్లో సన్నబడాలని తిండి మానేసేవాళ్లు ఉన్నారు, వాళ్లకీ చివరికి ఇదే సందు ఇరుకవుతుంది. మీ పాప విషయంలో టైఫాయిడ్ కారణం స్పష్టంగా కనిపిస్తోంది. అయినా పాప ఒంటరిగా ఉన్నప్పుడు, ఎవరైనా తన ఒళ్లు గురించి ఏమైనా అన్నారా అని మెత్తగా అడగండి. బడికి మాత్రం ఒక కాగితం రాయించుకోండి: ఈ పిల్ల రెండు గంటలకోసారి తినాలి, తిన్నాక కాసేపు పడుకోవాలి అని. టీచర్లు అర్థం చేసుకుంటారు, కారణం తెలిస్తే.

ఇప్పుడు సరిహద్దు జిల్లాల్లో ఈ పేజీ చదివే మిగతా తల్లులకి కూడా కొన్ని మాటలు చెప్పాలి. రక్తనాళాల వల్ల పిల్లల పేగు మూసుకుపోవడం ఇదొక్క రకంగానే జరగదు. నెలల పసికందు ఆకుపచ్చగా వాంతి చేసుకుంటే పేగు మెలిపడి దాని రక్తనాళం నులుముకుపోయిందేమోనని మేం హడలిపోతాం. అప్పుడు లెక్క రోజుల్లో ఉండదు, గంటల్లో ఉంటుంది. తెల్లటి పాలు కక్కడం వేరు, ఆకుపచ్చ వేరు. కొరాపుట్, నవరంగపూర్ వైపు ఇంకా కొన్ని పల్లెల్లో కడుపు ఉబ్బిన పసిపిల్లలకి వాతలు పెడుతున్నారు. చేతులెత్తి అడుగుతున్నాను, ఆ పని చేయకండి, చేస్తుంటే ఆపండి. ఆ గంటలోనే బండెక్కితే బిడ్డ బతుకుతుంది.

ఇంకో రకం రక్తనాళాల వాపు. పిల్లల కాళ్ల మీద, పిరుదుల మీద ఎర్రటి, ఊదా రంగు మచ్చలు లేచి, నొక్కినా రంగు పోకుండా ఉంటాయి. మోకాళ్లు వాస్తాయి, కడుపు మెలిపెడుతుంది. చాలామందికి తనంతట తగ్గిపోతుంది. కానీ కొందరిలో పేగు గోడలో రక్తం నిలిచి, ఒక పేగు ముక్క ఇంకో ముక్కలోకి దూరిపోతుంది. మచ్చలతో పాటు కడుపునొప్పి పెరిగినా, దొడ్డికి రక్తంగా వెళ్లినా స్కానింగ్ కావాలి. తగ్గాక కూడా ఆరు నెలలు అప్పుడప్పుడు మూత్ర పరీక్ష చేయించాలి, మూత్రపిండాలకి దెబ్బ తగలొచ్చు కాబట్టి. ఒంటి మీద నీలంగా, మెత్తగా, నొక్కితే అణిగి మళ్లీ లేచే బుడిపెలు ఉండి, ఎంత ఐరన్ ఇచ్చినా రక్తం పెరగని పిల్లలు మరీ అరుదుగా కనిపిస్తారు. వాళ్లకి పేగులోనూ అలాంటి రక్తనాళపు బుడిపెలే ఉంటాయి. అవి లోపల రక్తం కారుస్తాయి, ఒక్కోసారి పేగుని అడ్డుకుంటాయి.

మన జిల్లాల్లో సికిల్ సెల్ సంగతి మర్చిపోకూడదు. కొడవలి ఆకారంలోకి మారిన రక్తకణాలు సన్న రక్తనాళాల్లో ఇరుక్కుంటే కడుపు భరించలేనంత నొప్పి వస్తుంది, పేగు కదలడం మానేసి కడుపు ఉబ్బిపోతుంది. పేగు మూసుకుపోయిందని పొరపడి ఆపరేషన్ దాకా తీసుకెళ్లే ప్రమాదం ఉంది. 2023 జూలైలో మొదలైన జాతీయ సికిల్ సెల్ మిషన్ కింద 40 ఏళ్ల లోపు వాళ్లకి పరీక్షలు చేస్తున్నారు. పిల్లల సికిల్ సెల్ కార్డు దగ్గర పెట్టుకుని, కడుపునొప్పితో వెళ్లినప్పుడు ముందే చూపించండి.

మళ్లీ మీ దగ్గరికి వస్తాను. ఈలోగా ఆముదం, విరేచనాల మందు, వాంతి మాత్రలు మీ అంతట మీరు వేయకండి. బొడ్డు జరిగిందని కడుపు పిసికించకండి. మళ్లీ మళ్లీ పచ్చటి వాంతి అయినా, కడుపు గట్టిపడి ఉబ్బినా, వాంతిలో గానీ దొడ్డికి గానీ రక్తం పడినా, ఏడెనిమిది గంటలు ఒంటికి వెళ్లకపోయినా, పాప మత్తుగా ఉన్నా తెల్లారేదాకా ఆగొద్దు, 108కి ఫోన్ చేయండి. ముందు మీ జిల్లా ఆస్పత్రిలో సెలైన్ పెట్టించుకుని, అక్కడి నుంచి బరంపురం మెడికల్ కాలేజీకి వెళ్లొచ్చు. పాతపట్నం మీదుగా శ్రీకాకుళం, విశాఖ వైపూ రావచ్చు. పిల్లల సర్జరీ విభాగం విశాఖ కేజీహెచ్‌లో ఉంది, భువనేశ్వర్ ఎయిమ్స్‌లో ఉంది. మీరు ఇప్పటికే విశాఖలో చూపించారు కనుక అదే డాక్టరు దగ్గర కొనసాగితే పాప కథ మళ్లీ మొదటి నుంచి చెప్పుకునే పని తప్పుతుంది.

ఖర్చు గురించి మీరు రాయలేదు, కానీ సూరత్ జీతంతో నెట్టుకొస్తున్న ఇల్లని అర్థమైంది. ఒడిశా 2025లో ఆయుష్మాన్ పథకంలో చేరింది. ఆ కార్డు వేరే రాష్ట్రంలో పథకం కింద ఉన్న ఆస్పత్రిలోనూ పనికొస్తుంది. చేర్చే ముందే ఆస్పత్రిలో ఆయుష్మాన్ కౌంటరు దగ్గరికి వెళ్లి, ఈ జబ్బుకి వర్తిస్తుందో లేదో అడిగి తెలుసుకోండి. సీటీ సీడీ, బేరియం ఫిల్ములు, బరువుల నోటుబుక్కు ఒకే సంచిలో పెట్టుకోండి. ఒడియాలో రాసిన చీటీలుంటే ఇంగ్లీషులో ఒక సారాంశం రాయించుకోండి, ఆంధ్రా వైపు పని సులువవుతుంది.

వాళ్ల నాన్నగారిని ఒక్క పది రోజులు సెలవు పెట్టి రమ్మనండి. ఆస్పత్రిలో రాత్రిళ్లు పాప దగ్గర ఒకరు, ఇంట్లో బాబు దగ్గర ఒకరు కావాలి. మీరు కూడా నిద్రపోవాలి.

నేను పాపని చూడకుండా రాస్తున్న జవాబిది. చూసిన డాక్టరు మాటకీ నా మాటకీ తేడా వస్తే వాళ్ల మాటే వినండి, ఈ పేజీ వాళ్లకి చూపించి కారణం అడగండి. ఈ వారంలోనే పాపని ఆస్పత్రిలో చేర్చండి. నెల తర్వాత బరువెంతో నాకు రాయండి. తెలుగులోనే రాయండి, మధ్యలో ఒడియా మాటలు పడినా నాకు అర్థమవుతాయి.